బిళ్లలో దాగిన జబ్బు

శ్రీకాకుళము రోడ్డు అను పేరు గల రైలు స్టేషను నిజమునకు ఆమదాలవలసలో ఉన్నది. వైద్యము కొరకు విశాఖపట్నము పోవువారు ఆ ప్లాట్‌ఫారముపై వేచియుండుట మనకు కొత్త కాదు. చేతిలో ఒక సంచి, సంచిలో రక్తపరీక్షల కాగితములు, స్కానింగు కవరు, టిఫిను డబ్బా. అట్టివారిలో ఒక గృహిణిని ఊహించుకొందము. ఆమె మెడ ముందుభాగమున చిన్న గడ్డ కనబడినది. సూదిపరీక్షలో అది థైరాయిడ్ కాన్సరు అని తేలినది. గడ్డ తీసివేయవలెనని ఆమెకు తెలియును. అందుకు సిద్ధపడినది కూడ. కాని శస్త్రవైద్యుడు మరొక మాట చెప్పినాడు: "అమ్మా, గడ్డ కనబడుతున్నది గాని, పక్కనున్న బిళ్లల్లోకి జబ్బు పాకిందో లేదో కనబడటం లేదు. వాటిని కూడా తీయాలా, వదిలేయాలా అని ఆలోచిస్తున్నాం."

మేము ఈ ప్రసంగమున ఆ ఆలోచననే మీ ముందు పెట్టదలచినాము. కనబడనిదానిని అంచనా కట్టుట ఎట్లు? కట్టిన పిమ్మట చేయవలసినదేమి? ఇవి రెండు వేరు ప్రశ్నలు. వీనిని ఒక్కటిగా భావించుటవలన రోగులకే గాక, ఒక్కొక్కప్పుడు వైద్యులకును చిక్కు వచ్చుచున్నది.

ముందుగా గ్రంథి సంగతి. థైరాయిడ్ గ్రంథి శ్వాసనాళమునకు ముందు, రెక్కలు చాచిన సీతాకోకచిలుక వలె అమరియుండును. పెద్దవారిలో దాని బరువు 15 నుండి 25 గ్రాములు. దానిలో గడ్డలు ఏర్పడుట మిక్కిలి సామాన్యము; పరీక్షింపబడిన గడ్డలలో నూటికి సుమారు 7 నుండి 15 మాత్రమే కాన్సరుగా తేలును. కావున మెడలో గడ్డ కనబడగానే రాచపుండని బెదరిపోవలసిన పని లేదు. కాన్సరు అయినను, పదింట ఎనిమిదికి తక్కువ కాకుండ పాపిల్లరీ అను రకమే అగును. ఇది మెల్లగా పెరుగు జబ్బు. తగిన చికిత్స పొందినవారిలో అత్యధికులు దీర్ఘకాలము జీవించుచున్నారు.

అయితే ఈ పాపిల్లరీ రకమునకు ఒక అలవాటు కలదు. ఇది బిళ్లలలోనికి త్వరగా పాకును. కాలికి పుండు పడినప్పుడు గజ్జలో బిళ్ల కట్టుట అందరము ఎరుగుదుము. అట్టి బిళ్లలు మెడలోనే సుమారు 300 ఉన్నవి. శరీరపు కణముల నడుమ ఊరిన శోషరసము అను నీరు సన్నని కాలువల వెంట పారి, ఈ బిళ్లలలో వడగట్టబడి, తిరిగి రక్తములో కలియును. థైరాయిడ్ గడ్డనుండి విడివడిన కణములు కూడ ఆ నీటి వెంటనే పోవును. సాధారణముగ వాటికి మొదటి మజిలీ శ్వాసనాళమునకు ఇరుప్రక్కల, గ్రంథికి క్రిందుగా ఉండు నడిమి బిళ్లలు. ఆ పిమ్మట మెడ ప్రక్కల పెద్ద నరముల వెంట ఉండు బిళ్లలు. కొందరిలో, ముఖ్యముగ గడ్డ గ్రంథి పైకొనయందున్నప్పుడు, నడిమి బిళ్లలను దాటి తిన్నగా ప్రక్క బిళ్లలకే పోవుటయు కలదు.

శస్త్రమునకు ముందు అల్ట్రాసౌండు పరీక్ష చేయుదురు. ప్రక్క బిళ్లలు దానిలో బాగుగనే కనబడును. బిళ్ల గుండ్రనై, నడుమ ఉండవలసిన తెల్లని గీత చెరిగి, సున్నపు రేణువులో నీటి సంచులో కనబడినచో అనుమానింపవలెను. అప్పుడు సూదితో కణములు తీసి చూచి, సూదిని కడిగిన నీటిలో థైరోగ్లోబ్యులిన్ అను పదార్థమును పరీక్షింతురు. థైరాయిడ్ కణములు మాత్రమే తయారుచేయు ఆ పదార్థము బిళ్లలో అధికముగ కనబడినచో, జబ్బు అక్కడికి చేరినదనుటకు అది బలమైన సాక్ష్యము. నడిమి బిళ్లల సంగతి అట్లు కాదు. గ్రంథియే వాటికి అడ్డుగా ఉండును. శ్వాసనాళములోని గాలి పరీక్షా తరంగములకు ఆటంకము. పైగా బిళ్లలో చేరిన కణముల గుంపు రెండు మిల్లీమీటర్లకు లోపుగా ఉన్నచో ఏ యంత్రమునకును చిక్కుట కష్టము.

ఈ రోగులలో బిళ్లలను తీసి సూక్ష్మదర్శినితో మామూలుగా పరీక్షించినప్పుడు, చాల చోట్ల నూటికి 20 నుండి 50 మందిలో జబ్బు కనబడినది. మరింత నిశితముగా వెదకినచో ఆ సంఖ్య 90 దాకా పోవచ్చును. ఈ అంకె వినగానే, అయితే అందరికిని బిళ్లలు తీసివేయవలసినదే గదా అనిపించును. ఆ తొందరపాటునకు సమాధానము ముందు చెప్పుదుము. అంతకు మునుపు అంచనా కట్టు పద్ధతి చూతము.

ఆమదాలవలసలో ఒకప్పుడు చక్కెర కర్మాగారము నడచినది. చెరకు పండించినవారికి ఈ మాట సులభముగ బోధపడును. తోట పక్వమైనదో లేదో తెలిసికొనుటకు తోటనంతటిని నరికి చూడరు. అక్కడొక గడ, ఇక్కడొక గడ తీసి, రసపు చుక్కను రిఫ్రాక్టోమీటరులో పెట్టి బ్రిక్సు చూచెదరు. చెరకు రకము, నాటిన నెల, పెట్టిన నీరు కూడ లెక్కలోనికి తీసికొని, తోటనుగూర్చి ఒక నిర్ణయమునకు వత్తురు. వైద్యులు చేయునదియు అట్టిదే. కనబడు గుర్తులను పట్టి కనబడనిదానిని ఊహింతురు.

ఆ గుర్తులెవ్వి? వయస్సు చిన్నదైన కొలది బిళ్లలకు పాకుట ఎక్కువ; పిల్లలలో మరియు ఎక్కువ. థైరాయిడ్ కాన్సరు స్త్రీలకే అధికముగ వచ్చును గాని, వచ్చిన పురుషులలో బిళ్లలకు పాకుట హెచ్చు. గడ్డ ఒక సెంటీమీటరు మించుట, ఒకటికంటె ఎక్కువ గడ్డలుండుట, గ్రంథి పొరను దాటి బయటికి వచ్చుట, గడ్డలో సన్నని సున్నపు రేణువులు మెరయుట, ఇవన్నియు అనుమానమును పెంచును. బ్రాఫ్ అను జన్యువులోని ఒక మార్పు కూడ కొన్ని పరిశీలనలలో ఇట్టి గుర్తుగా కనబడినది. వీనిలో ఏ ఒక్కటియు తనంతట చాలదు. కావున ఒక్కొక్క గుర్తుకు కొన్ని మార్కులు వేసి, మొత్తము కూడి, "నూటికి ఇంత" అని చెప్పు పట్టికలను పరిశోధకులు తయారుచేసిరి. ఇటీవలి సంవత్సరములలో అల్ట్రాసౌండు బొమ్మనే కంప్యూటరునకు ఇచ్చి, మనిషి కంటికి తట్టని నేతను దానిచే చదివించి, అంచనా కట్టించుచున్నారు. ఈ పనిలో అధిక భాగము చైనా ఆస్పత్రులలో జరిగినది.

ఈ పట్టికలు ఎంత నమ్మదగినవి? ఒక చిన్న లెక్క వేసికొందము. ఇది కేవలము ఉదాహరణ కొరకు కల్పించుకొన్న లెక్క అని గమనింపుడు. పైకి బిళ్లలు కనబడని రోగులు 100 మంది ఉన్నారు. వారిలో 40 మందికి దాగిన జబ్బు ఉన్నదనుకొందము. పట్టిక జబ్బున్నవారిలో నాలుగింట మూడువంతులను పట్టుకొనును. లేనివారిలో నాలుగింట ఒకవంతును పొరపాటున అనుమానించును. అప్పుడు 40 మందిలో 30 మంది పట్టుబడుదురు, 10 మంది తప్పిపోవుదురు. మిగిలిన 60 మందిలో 15 మంది ఏ దోషము లేకయే అనుమానితులగుదురు. అనగా పట్టిక "తీయుడు" అని చెప్పిన 45 మందిలో 15 మందికి తీయుట వృథా. "వదలుడు" అని చెప్పిన 55 మందిలో 10 మందికి జబ్బు మిగిలియుండును. పట్టిక లేనిదానికంటె ఇది మేలే. కాని జాతకము వలె దీనిని నమ్మరాదు.

ఇక రెండవ ప్రశ్న. దాగిన జబ్బు ఉన్నదనియే అనుకొందము. అది ఏమి చేయును? ఇచ్చటనే ఆశ్చర్యకరమైన విషయము కలదు. బిళ్లలలో ఐదుకు మించని చోట్ల, రెండు మిల్లీమీటర్ల లోపు చుక్కలుగా మాత్రమే జబ్బు ఉన్నవారిలో, అది మరల తలయెత్తుట నూటికి సుమారు 5 మందిలోనే. చికిత్సకు ముందే కంటికో యంత్రమునకో కనబడునంతగా బిళ్లలు ఉబ్బినవారిలో అది నూటికి సుమారు 22. కనబడు జబ్బును కనబడని జబ్బును ఒకే త్రాసులో తూచరాదని దీనివలన తేలుచున్నది. 2018 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ దశా విభజన ప్రకారము, 55 సంవత్సరములు నిండనివారిలో బిళ్లలకు పాకినను, ఊపిరితిత్తులు, ఎముకలు వంటి దూరస్థానములకు పోనంతవరకు అది మొదటి దశయే.

కనుగొన్న ప్రతి జబ్బును తీసివేయుట మేలనుకొనువారికి కొరియా దేశపు అనుభవము ఒక పాఠము. అక్కడ 1999 నుండి ప్రభుత్వము కాన్సరు పరీక్షల కార్యక్రమము ప్రారంభించినది. థైరాయిడ్ పరీక్ష దానిలో లేకున్నను, కొలది రుసుమునకు ఆస్పత్రులు దానిని కూడ చేయసాగెను. 2011 నాటికి ఆ దేశమున థైరాయిడ్ కాన్సరు అని నిర్ణయింపబడినవారి నిష్పత్తి 1993 నాటికంటె పదునైదు రెట్లు అయినది. దానివలన మరణించువారి సంఖ్య మాత్రము మారలేదు. వేలకొలది జనులు తమకు హాని చేయని చిన్న గడ్డల కొరకు కత్తిక్రింద మెడ పెట్టిరి. ఇందుకు భిన్నముగ జపానులోని కోబె నగరమున కుమా ఆస్పత్రి వైద్యులు 1993 నుండియే, ఒక సెంటీమీటరు మించని గడ్డలను కొందరిలో కోయక, ఏటేట పరీక్షించుచు కనిపెట్టియుండు పద్ధతిని అవలంబించిరి. అత్యధికులలో అవి పెరుగలేదు. పెరిగినవారికి అప్పుడు శస్త్రము చేసినను నష్టము కలుగలేదు.

బిళ్లలు తీయుటలో కష్టమేమి అని మీరు అడుగవచ్చును. గ్రంథి వెనుక పారాథైరాయిడ్ అను నాలుగు చిన్న గ్రంథులున్నవి. ఒక్కొక్కటి కందిబద్దంత. రక్తములోని కాల్షియమును సరిచూచునవి అవియే. క్రింది రెండును నడిమి బిళ్లల నడుమనే ఇమిడియుండును. బిళ్లలను ఊడ్చివేయునప్పుడు అవి కూడ పోవచ్చును. లేదా వాటికి రక్తము తెచ్చు సన్నని నాళము తెగవచ్చును. అప్పుడు పెదవుల చుట్టును, వ్రేళ్ల కొనలయందును తిమ్మిరి, చేతులు కొంకరపోవుట, ముదిరినచో మూర్ఛ. అట్టివారు జీవితాంతము కాల్షియము, విటమిన్ డి మాత్రలు మ్రింగవలెను. స్వరనాడి కూడ ఆ దారినే పోవును. అది దెబ్బతిన్నచో గొంతు బొంగురుపోవును. ఇటలీలోని పీసా నగర వైద్యులు పైకి బిళ్లలు కనబడని 181 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు గ్రంథి మాత్రమే, రెండవ జట్టునకు నడిమి బిళ్లలు కూడ తీసిరి. 2015లో ప్రకటించిన ఫలితము ఇది: ఐదేండ్ల పిమ్మట జబ్బు విషయమున రెండు జట్లకును భేదము లేదు, పారాథైరాయిడ్ శాశ్వతముగ దెబ్బతినుట మాత్రము మొదటి జట్టులో నూటికి 8, రెండవ జట్టులో 19.

అందుచేతనే 2015 నాటి అమెరికను థైరాయిడ్ సంఘపు సూచనలు మధ్యేమార్గము చెప్పినవి. గడ్డ చిన్నదై, పొరను దాటక, బిళ్లలు కనబడనప్పుడు వాటిని తాకనక్కరలేదు. గడ్డ పెద్దదై బయటికి పాకినప్పుడో, ప్రక్క బిళ్లలలో జబ్బు నిశ్చయముగ తేలినప్పుడో నడిమి బిళ్లలను తీయుట ఆలోచింపవచ్చును. మెడల్లరీ అను వేరొక రకపు థైరాయిడ్ కాన్సరునకు ఈ న్యాయము వర్తింపదు. దానిలో నడిమి బిళ్లలు తీయుట మామూలు. రక్తములోని కాల్సిటోనిన్ కొలత దాని వ్యాప్తిని తెలుపుటలో చాల తోడ్పడును. కావున రోగి మొదట తెలిసికొనవలసినది తన కాన్సరు ఏ రకము అనుటయే.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను వర్తించును. మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి కలదు. కోయక కనిపెట్టియుండుట అనగా రోగి మరల మరల రావలెను. ఆరు మాసములకో ఏడాదికో అల్ట్రాసౌండు, థైరోగ్లోబ్యులిన్ పరీక్ష చేయించుకొనవలెను. విశాఖ నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. రైలు ఖర్చు, తోడు వచ్చువారి కూలి నష్టము. పైగా మన పల్లెలనుండి వేలమంది బ్రతుకుతెరువునకై హైదరాబాదునకు, మదరాసునకు, ఇంకను దూరమునకు పోవుచున్నారు. అట్టివారు మరల కనబడుదురో లేదో అని వైద్యుడు సందేహించి, "ఉన్నప్పుడే అంతయు తీసివేయుట మేలు" అని తలపవచ్చును. ఆ తలంపులో కరుణ లేకపోలేదు. కాని అదే న్యాయమును తిరుగవేసి చూడుడు. మరల రాలేని మనిషికి పారాథైరాయిడ్ పోయినచో గతి యేమి? దూరదేశపు పనిచోట, కాల్షియము మాత్రలు అయిపోయిన నాడు, చేతులు కొంకరపోయిన కూలివానిని చూచి ఇది ఏమని ఎవరు పోల్చుకొందురు? బిళ్లలో చుక్కవలె మిగిలిన జబ్బు ఏండ్లు ఆగును. కాల్షియము పడిపోయినచో రోజులు కూడ ఆగదు. దూరము రెండు వైపులకును వాదించుచున్నది. ఈ వాదము ఏ పట్టికలోను మార్కులుగా వేయబడలేదు. దానిని వైద్యుడును రోగియు కూర్చుండి మాటలాడుకొనవలసినదే.

మరియొక సంగతి. పట్టికలు ఏ జనులనుండి తయారైనవో ఆ జనులకే బాగుగ సరిపోవును. ఒక నేలలో చెరకునకు వేసిన లెక్క మరొక నేలకు అట్లే పనికిరాదు గదా. అయొడిను చాలినంత దొరకు చోట్ల పాపిల్లరీ రకపు పాలు హెచ్చు. దొరకని చోట్ల ఫాలిక్యులర్ అను రకపు పాలు పెరుగును. పరీక్షకు ఎంత ముందుగా వత్తురో, గడ్డ ఎంత పెరిగినాక వత్తురో కూడ ఊరికొక తీరు. కావున పరదేశపు పట్టికను మన రోగులపై పరీక్షింపక ప్రయోగింపరాదు.

మన శ్రీకాకుళము బిడ్డడే ఈ మార్గమును ఒకనాడు చూపినాడు. వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, పిమ్మట ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరైనారు. హిమాలయ పాదమునగల కాంగ్రా లోయలో గలగండము జనులను పీడించుచుండగా, 1956లో ఆయనయు సహచరులును అక్కడ పని ప్రారంభించిరి. అయొడిను కలిపిన ఉప్పు మంచిదని పుస్తకములలో ఉన్నదిగదా అని వారు ఊరకుండలేదు. సుమారు లక్షమంది ఉన్న ప్రాంతమును మూడు భాగములుగ విభజించి, ఒక భాగమునకు మామూలు ఉప్పును, తక్కిన రెంటికి అయొడిను కలిపిన ఉప్పును ఇచ్చి, ఏండ్ల తరబడి మెడలు పరీక్షించి లెక్క వ్రాసిరి. అయొడిను ఉప్పు తిన్న చోట్ల గలగండము తగ్గుట స్పష్టముగ తేలెను. 1962లో దేశమంతటికి గలగండ నివారణ కార్యక్రమము వచ్చుటకు ఆ పని ఆధారమైనది. మన జనులను మనము లెక్కింపవలెననునదియే దానిలోని పాఠము.

విశాఖలోని కింగ్ జార్జి ఆస్పత్రికిని, అగనంపూడిలోని హోమీభాభా కాన్సరు ఆస్పత్రికిని మన ప్రాంతపు రోగులు పోవుచున్నారు. అచ్చటను, ఇతర ఆస్పత్రులలోను శస్త్రము జరిగిన ప్రతి రోగి కాగితము ఒక సాక్ష్యము. గడ్డ పరిమాణమెంత, తీసిన బిళ్లలెన్ని, వానిలో జబ్బున్నవెన్ని, పెద్ద చుక్క ఎన్ని మిల్లీమీటర్లు, అయిదేండ్ల పిమ్మట మనిషి ఎట్లున్నాడు? ఇవి చేర్చిననాడు ఉత్తరాంధ్ర రోగికి ఉత్తరాంధ్ర లెక్క దొరకును. కావున రోగులకు మా మనవి ఇది: శస్త్రము తరువాత వచ్చు కణపరీక్ష నివేదికను పారవేయకుడు. ఇంటి దస్తావేజు వలె భద్రపరచుడు. ఊరు మారినను దానిని వెంట తీసికొనిపొండు.

శస్త్రమునకు ముందు వైద్యుని నాలుగు మాటలు అడుగుటకు సంకోచింపకుడు. నా జబ్బు ఏ రకము? మెడ ప్రక్క బిళ్లలు కూడ అల్ట్రాసౌండులో చూచితిరా? బిళ్లలు తీసినచో నాకు కలుగు మేలెంత, కాల్షియము పోవు భయమెంత? తరువాత నేను ఎన్నాళ్లకొకసారి రావలెను, ఏయే పరీక్షలు దగ్గరనే చేయించుకొనవచ్చును? ఇట్లు అడుగుట వైద్యుని శంకించుట కాదు. రెండు చివరలనుండి ఒక బరువును మోయుట. శస్త్రమైన తరువాత పెదవులు తిమ్మిరెక్కినచో మరునాటికి వాయిదా వేయక ఆ గంటలోనే చెప్పవలెను.

మొదట మేము ఊహించుకొన్న గృహిణి వద్దకు మరల వత్తము. ఆమె గడ్డ సెంటీమీటరు మాత్రమే, పొర దాటలేదు, ప్రక్క బిళ్లలు శుభ్రముగనున్నవి. పట్టిక "నూటికి ముప్పది" అని చెప్పినదనుకొందము. ఆ ముప్పది ఆమెకు వచ్చిన తీర్పు కాదు. దాగియుండవచ్చుననుటకు అది ముప్పది పాళ్లు. దాగియున్నను ఆమెను బాధింపకుండుటకు అంతకు చాల పెద్ద పాలు మిగిలియున్నది. ఆ రెండవ పాలును కూడ ఆమెకు చెప్పిన వైద్యుడే సంపూర్ణముగ చెప్పినవాడు. అది విని, నెలలు లెక్కించుకొని, "వదిలేయండి బాబూ, చెప్పిన రోజుకి నేనే వస్తాను" అని ఆమె అనవచ్చును. అన్నచో, ఆ రోజున శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో ఆమె రైలు ఎక్కునట్లు చూచుట ఇంటివారి బాధ్యత.